మోకాలెత్తు

అమెరికాలో చిన్న అల్యూమినియం పడవ కొనుక్కున్నవాడు దాన్ని ఉన్నదున్నట్టు ఉంచుకోడు. ముందు లోపలి బల్లల ఎత్తు కొలుస్తాడు. తర్వాత ప్లైవుడ్ తెస్తాడు. పడవ ముందు భాగంలో డెక్ వేస్తాడు, దాని మీద కార్పెట్ అతికిస్తాడు, గుండ్రంగా తిరిగే కుర్చీ ఒకటి బిగిస్తాడు. యూట్యూబ్‌లో ఇలాంటి వీడియోలు ఎన్నో ఉన్నాయి. ఎక్కువ వాటిలో చివరి దృశ్యం ఒకటే. తెల్లవారుజామున పొగమంచు పట్టిన సరస్సు, డెక్ మీద నిటారుగా నిలబడి గాలం విసురుతున్న మనిషి.

పోయిన ఎండాకాలం అవన్నీ నేను వరసబెట్టి చూశాను. నాకు గాలం పట్టుకోవడం రాదు. చూసింది మా మేనమామ కోసం. ఆయనకు సింగూరు నీళ్ళ మీద చేపలు పట్టడమే బతుకుతెరువు. ఆయనకు కావలసిందీ డెక్కే. కాకపోతే నిలబడడానికి కాదు, కూర్చోడానికి.

"నిలవడి ఏం జేస్త అల్లుడా? నిలవడుడు వాళ్ళకు సోకు. నాకు కూసోనొస్తలేదు. గదే నా తిప్పల," అన్నాడు మొదటి వీడియో సగంలో ఉండగానే.

*

మాది మొగుడంపల్లి. 2016 అక్టోబర్‌లో జిల్లాలు మార్చినప్పుడు మండలం అయింది. అంతకు ముందు మెదక్ జిల్లా జహీరాబాద్ మండలంలో ఒక ఊరు. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. కర్ణాటక సరిహద్దు పక్కనే. సంతలో తెలుగు, కన్నడ, ఉర్దూ ఒకే వాక్యంలో వినబడతాయి. ఎర్ర నేలలు. చెరుకు, అల్లం, ఆలుగడ్డ, కంది. నీళ్ళంటే మాకు వాన, లేకపోతే బోరు. పడవ అనే మాట మా ఊళ్ళో ఎవరికీ రోజువారీ అవసరం లేదు. మా నాయిన వెల్డింగ్ షాపులో ముప్పై ఏళ్ళుగా గేట్లు, కిటికీ గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీలు తయారయ్యాయి. నీళ్ళ మీద తేలే వస్తువు ఏదీ ఆ షాపులోంచి బయటికి పోలేదు.

అమ్మ పుట్టిల్లు మాత్రం మంజీర ఒడ్డున, సింగూరు బ్యాక్‌వాటర్ పక్క. మహారాష్ట్ర బీడ్ జిల్లా కొండల్లో పుట్టిన మంజీర, బీదర్ మీదుగా మా వైపు దిగి, సింగూరు దగ్గర ఆగుతుంది. 1989లో పూర్తయిన ఆ ఆనకట్టలో 29.917 టీఎంసీల నీళ్ళు పడతాయి. హైదరాబాద్ నల్లాల్లోకి పోయే నీళ్ళ లెక్కల్లో చాలామందికి ఆ పేరు తెలుసు. మా తాతల కాలంలో అక్కడ ఏరు మాత్రమే ఉండేదట, ఎండాకాలం నడిచి దాటేవాళ్ళట. ఆనకట్ట కట్టాక ఏరు సముద్రం లెక్క పరుచుకుంది. పొలాలు మునిగినవాళ్ళు కొందరు వలస పోయారు. వలలు ఉన్నవాళ్ళు అక్కడే మిగిలారు. అమ్మ వాళ్ళు ముదిరాజులు. చెరువుల చేపలు పట్టిన చేతులు కాబట్టి పెద్ద నీళ్ళకు అలవాటు పడటానికి ఎక్కువ కాలం పట్టలేదని మామ అంటాడు.

ఆయన మొదట ఎక్కింది పుట్టి. వెదురు బద్దలతో పెద్ద గంప అల్లి, అడుగున తోలు బిగిస్తే పుట్టి. తర్వాత తోలు పోయి తారు పూసిన ప్లాస్టిక్ పట్టా వచ్చింది, ఆ తర్వాత ఫైబర్ వచ్చింది. ఆకారం మాత్రం మారలేదు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ తుంగభద్ర మీద ఇవే గుండ్రటి తోలు గంపలను చూసి రాశాడు. మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖను నడిపిన జేమ్స్ హోర్నెల్ 1933లో దక్షిణ భారత పుట్టుల మీద ప్రత్యేకంగా ఒక వ్యాసమే అచ్చు వేశాడు. ఐదు వందల ఏళ్ళలో మారనిది ఇంకొకటి కూడా ఉంది. పుట్టిలో మనిషి కూర్చునే తీరు. గొంతుక్కూర్చోవాలి, లేకపోతే మోకాళ్ళ మీద వంగాలి. పుట్టికి ముందూ వెనకా లేవు. బరువు నడుమ నుంచి జరిగితే గిర్రున తిరుగుతుంది. కాళ్ళు చాపుకుని కూర్చుంటే వల లాగడానికి బలం ఉండదు.

పుట్టి పాతబడితే కొత్తది కొనే డబ్బు లేని ఏళ్ళల్లో మామ థర్మాకోల్ తెప్ప మీద పోయాడు. పెట్టెలకు అడ్డంపెట్టే తెల్లటి దిమ్మలను నాలుగైదు వరసలు పేర్చి, యూరియా సంచుల్లో కుట్టి, తాళ్ళతో బిగించినది. మనిషి తొడల దాకా నీళ్ళలో తడుస్తూనే ఉంటాడు. దాని మీదా గొంతుక్కూర్చోవడమే.

*

మామకు 58 ఏళ్ళు. మూడేళ్ళ కింద మోకాళ్ళు వాచాయి. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి "గుజ్జు అరిగింది" అన్నాడు. కింద కూర్చోవద్దు, గొంతుక్కూర్చోవద్దు, బరువులు ఎత్తొద్దు. అంతే. గొంతుక్కూర్చున్నప్పుడు మోకాలి చిప్ప వెనక పడే ఒత్తిడి ఒంటి బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. అరిగిన కీలుకు అంతకన్నా పగ ఇంకోటి లేదు.

ఆ మాట ఇంట్లో చాలా వస్తువులను మార్చింది. కమోడ్ పెట్టించారు. మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచారు. అన్నం తినడానికి ప్లాస్టిక్ కుర్చీ, స్టూలు వచ్చాయి. నిజానికి మా ప్రాంతమంతా మెల్లగా నేల మీద నుంచి పైకి లేస్తోంది. పెళ్ళిళ్ళలో పంక్తి భోజనాలు పోయి బల్లలొచ్చాయి. మసీదుల్లో వెనక వరసలో కుర్చీలు వేస్తున్నారు, పెద్దవాళ్ళు వాటిలో కూర్చునే నమాజు చేస్తున్నారు. గుళ్ళోనూ గోడవారగా కుర్చీలుంటున్నాయి. తినే చోటు, మొక్కే చోటు, పడుకునే చోటు ఎత్తు పెరిగాయి. పని చేసే చోటు మాత్రం పెరగలేదు. అల్లం తవ్వేవాళ్ళు, కలుపు తీసేవాళ్ళు, ఆలుగడ్డ ఏరేవాళ్ళు ఇవాళ్టికీ గొంతుక్కూర్చునే ఉన్నారు. చేపలు పట్టేవాళ్ళు కూడా.

ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో, జలాశయాల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. ఆ తర్వాత సబ్సిడీ మీద మోపెడ్లు, వలలు వచ్చాయి. చేపపిల్లకు లెక్క ఉంది, వలకు లెక్క ఉంది, చేపను సంతకు మోసే బండికి లెక్క ఉంది. నీళ్ళ మీద నాలుగు గంటలు మడిచి ఉంచే మోకాలికి ఎక్కడా పద్దు కనబడదు.

అత్త ఇంకో దారి వెతికింది. జహీరాబాద్‌లో ఒక గోదాముకు వాచ్‌మన్ కావాలి. రాత్రి డ్యూటీ, గేటు పక్కన కుర్చీ. "ఈడ కూసునుడే, ఆడ కూసునుడే. ఆడనైతే మునుగుడు లేదు గదా," అంది. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తెల్లారి నాలుగింటికి చీకట్లో పోయిన మనిషి ఎనిమిదైనా రాకపోతే ఒడ్డున నిలబడి చూసేది ఆమే. మంజీరలో మొసళ్ళు కూడా ఉన్నాయి. సింగూరు కింది భాగాన్ని 1978లోనే అభయారణ్యం చేశారు.

మామ నెల రోజులు ఏమీ చెప్పలేదు. 2016 వేసవిలో సింగూరు ఎండినప్పుడు ఆయన పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు పని చేశాడు. గేటు పక్కన బతుకు ఎట్లుంటదో ఆయనకు కొత్త కాదు. ఆఖరికి ఒకటే అన్నాడు. "వాన్ల మీద, నీళ్ళ మీద ఆధారపడుడు నాకెరుకే. సూపర్‌వైజర్ మీద ఆధారపడుడు నాతోని గాదు."

అలా అన్న వారానికే పడవ కొన్నాడు.

*

వికారాబాద్ వైపు ఒక రిసార్టు మూతబడితే అందులోని సామానంతా పాత ఇనుప దుకాణానికి వచ్చింది. అందులో అల్యూమినియం పడవ ఒకటి. 12 అడుగుల పొడవు, నడుమ 4 అడుగుల వెడల్పు, 18 అంగుళాల లోతు, అడుగు చదును. రెండు అడ్డబల్లలు. తూకం మీద బేరమాడి 14,000 రూపాయలకు తెచ్చాడు. ట్రాలీలో దాన్ని మా షాపుకు చేర్చిన రోజు ఊరి పిల్లలు చుట్టూ మూగారు. ఎర్రమట్టి మీద, సగం తయారైన గేట్ల నడుమ, తెల్లగా మెరుస్తూ అది పడవలా లేదు, బోర్లించని పెద్ద తపేలాలా ఉంది.

అడ్డబల్లల ఎత్తు 10 అంగుళాలు. రిసార్టులో పిల్లలు కూర్చుని ఫొటోలు దిగడానికి సరిపోయింది. మామ వాటి మీద కూర్చుంటే మోకాళ్ళు బొడ్డు దాకా లేచాయి. పైగా అవి పడవకు అడ్డంగా ఉన్నాయి. వల లాగేవాడు పక్కకు తిరిగి కూర్చోవాలి.

ఇక్కడ అమెరికా డెక్ చరిత్ర కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ ఆకారం ఎక్కణ్ణించి వచ్చిందో తెలిస్తే మనకు ఏది పనికిరాదో తెలుస్తుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేటప్పటికి యుద్ధ విమానాలు చేసే గ్రుమన్ కంపెనీ చేతిలో అల్యూమినియం రేకు, దాన్ని వంచి రివెట్లు కొట్టే పనితనం రెండూ ఉన్నాయి. 1945లో వాళ్ళు అదే రేకుతో చిన్న పడవలు మొదలుపెట్టారు. విమానాల రేకు అలా సరస్సుల మీదికి వచ్చింది. 1967లో రే స్కాట్ అనే ఆయన అర్కాన్సాలో బాస్ చేపల పోటీ పెట్టాడు. గాలంతో చేపను పట్టి, తూకం వేసి, బహుమతి తీసుకునే ఆట. ఆటగాడికి దూరం కనబడాలి, గాలం దూరం పడాలి. అందుకు ఎత్తు కావాలి, నిలబడే చోటు కావాలి. ఆ పోటీల వెంబడే ముందూ వెనకా ఎత్తైన డెక్‌లున్న పడవలు పుట్టాయి. అవి కొనలేనివాళ్ళు తమ చిన్న అల్యూమినియం పడవలకు తామే ప్లైవుడ్ కొట్టుకున్నారు. నేను చూసిన వీడియోలన్నీ ఆ మనుషులవి.

పడవకు బల్ల వేసి పని చోటు చేసుకోవడం మనకేం కొత్త కాదు. కొల్లేటిలో తాటి మానును తొలిచి దోనె చేస్తారు. ఒక్క దోనె సన్నం, ఇట్టే ఒరుగుతుంది. రెండు దోనెలను పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిస్తే దాన్ని సంగడి అంటారు. సంగడి అంటే జత. స్నేహం కూడా. సంగడీడు అంటే స్నేహితుడు. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటి గ్రీకు నావికుల పుస్తకం 'పెరిప్లస్'లో మన తూర్పు తీరపు పడవల మధ్య సంగర అనే పేరు వస్తుంది. దుంగలను జతగా కట్టిన పెద్ద పడవలవి. రెండు మాటలదీ ఒకటే కుదురని అనుకునేవాళ్ళున్నారు. సంగడి వెనక ఉన్న లెక్క సులువే. పడవ ఒరగకుండా నిలబడే గుణం దాని వెడల్పు మీద ఉంటుంది. మిగతావన్నీ అట్లనే ఉంచి వెడల్పు రెట్టింపు చేస్తే ఆ గుణం రెట్టింపు కాదు, 8 రెట్లవుతుంది. తాటి దోనె కట్టినవాళ్ళకు ఈ ఘనం లెక్క తెలియకపోవచ్చు. ఒక్క దోనె మీద ఒకసారి పడి, రెండు దోనెల మీద పడకుండా ఉంటే చాలు.

మామకు వెడల్పు రేకులోనే ఉంది. కావలసింది ఎత్తు.

*

ఎంత ఎత్తు?

నాయిన అడిగిన మొదటి ప్రశ్న అదే. ట్రాలీకైతే కొలతలు నోటికి వస్తాయి. దీనికి ఎవరి దగ్గరా కొలత లేదు. చివరికి షాపులోని పెయింటు డబ్బాల మీద మామను కూర్చోబెట్టాడు. ఒక డబ్బా, దాని మీద చెక్క, ఇంకో చెక్క. పాదం నేలకు పూర్తిగా ఆనాలి, తొడ నేలకు సమానంగా ఉండాలి, లేవడానికి చేతులు మోపాల్సిన పని రావద్దు. 12 అంగుళాల దగ్గర మామ ముఖం చిట్లించాడు. 14 దగ్గర ఊరుకున్నాడు. 15 దగ్గర చేతులు మోపకుండా లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. నాయిన గోడ మీద సుద్దతో 15 అని రాసి కింద గీత గీశాడు. పాదం నుంచి మోకాలి వెనక మడత దాకా మామ కాలు ఉన్నది అంతే.

15 అంగుళాల మీద కూర్చుంటే పడవ అంచు ఇంకా 3 అంగుళాలు పైన ఉంటుంది. తొడకు ఆసరా. మనిషి బరువు నడిమి బిందువు, పడవ అడుగున నిలబడ్డప్పటికన్నా దాదాపు అడుగు కిందే ఉంటుంది. డెక్ వేస్తే పడవ బోల్తా పడుతుందని అత్త భయం. డెక్ మీద కూర్చున్న మామ, డెక్ లేకుండా నిలబడ్డ మామ కన్నా పదిలం అని కాగితం మీద గీసి చూపించాను. ఆమె కాగితం చూడలేదు. "నీళ్ళల్ల సూపియ్యి," అంది.

ఇంకో చిక్కు వల. సింగూరులో సాయంత్రం వల కట్టి, తెల్లారి తీస్తారు. వల పక్క నుంచి పైకి రావాలి, చేపను కన్నులోంచి తప్పించాలి, ఖాళీ వల ఒక పక్కన మడత పడాలి. అంటే మామ పక్కకు తిరిగి కూర్చోవాలి, కాళ్ళు కిందికి వేలాడాలి. అందుకని డెక్ కుడివైపు అంచు దగ్గర కాళ్ళు పెట్టుకునేందుకు ఒక కోత కోశాం. 20 అంగుళాల పొడవు, 14 అంగుళాల వెడల్పు. అట్టపెట్టెతో నమూనా కోసి, మామను కూర్చోబెట్టి, కాళ్ళు తగిలిన చోటల్లా అట్టను కత్తిరించి, ఆఖరి అట్టను ప్లైవుడ్ మీద పరిచి గీత గీశాం. నడుమ మామ, ఎదురుగా కోత, ఆవల అంచు, అంచు మీంచి వల. ఎడమ చేతి వైపు, పడవ ముక్కులో, వల కుప్ప.

నాయినకు ఇనుము తప్ప ఇంకోటి నమ్మకం లేదు. పది టన్నుల చెరుకు మోసే ట్రాలీలు చేసిన మనిషి. 3 మిల్లీమీటర్ల గళ్ళ రేకు, కింద ఇనుప యాంగిల్, అంతా వెల్డింగ్ అన్నాడు. లెక్క వేస్తే 45 కిలోలు వచ్చింది. పడవ మొత్తం బరువే 60 కిలోలు. అది కూడా ముక్కు వైపే పెడితే పడవ తల వంచుకుని నడుస్తుంది. పైగా అల్యూమినియానికి ఇనుము వెల్డింగ్ కాదు. అల్యూమినియాన్ని అల్యూమినియానికి కూడా మా షాపు రాడ్డు మెషీన్‌తో సరిగ్గా అతికించలేం. అది 660 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, దాని మీద కంటికి కనబడని తుప్పు పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితే గాని కరగదు. పొర కరిగేలోపు కింది రేకు కారిపోతుంది. దానికి ఆర్గాన్ గ్యాసు పెట్టి చేసే వేరే మెషీన్ కావాలి.

నాయిన నమ్మలేదు. ఒక తునక తీసుకుని రాడ్డు పెట్టి చూశాడు. బొక్క పడింది. కళ్ళద్దాలు పైకెత్తి ఆ బొక్కలోంచి చాలాసేపు చూసి, "ఇది వేరే జాతి," అని తునక పక్కన పడేశాడు. ఆ తర్వాత పని ఆయన చేతుల్లోనే సాగింది. అల్యూమినియం యాంగిల్‌తో చట్రం, పాత అడ్డబల్లకూ పక్క పట్టీలకూ రివెట్లు, బోల్టులు. నీటి మట్టం కింద ఒక్క రంధ్రం కూడా వేయలేదు. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు. మామూలు ఇనుపవి వేస్తే తుప్పు పట్టి ఊడతాయి. ఏ ఇనుమైనా అల్యూమినియానికి నేరుగా తగిలితే నీళ్ళు నడుమ చేరి అల్యూమినియాన్ని తినేస్తాయి. అందుకని ప్రతి బోల్టుకూ రెండు వైపులా నైలాన్ వాషర్లు. పైన 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్. కోసిన అంచులకు మూడు పూతల ఎపాక్సీ, ఎందుకంటే ప్లైవుడ్ ముఖం మీద నుంచి కాదు, అంచు నుంచి నీళ్ళు తాగుతుంది. మొత్తం 14 కిలోలు. ఖర్చు 7,600.

డెక్ కింద ఖాళీ చోటులో మామ పాత తెప్ప పోయింది. యూరియా సంచులు విప్పి, థర్మాకోల్ దిమ్మలు కడిగి, ఆరబెట్టి, సైజుకు కోసి కుక్కాం. కొన్ని డెక్ కింద, కొన్ని వెనక బల్ల కింద. ఒకే చోట పెడితే మునిగినప్పుడు రెండో కొస నిట్టనిలువుగా దిగుతుంది. అడుగున కాకుండా పక్కలకు, పైకి కట్టాలి, అప్పుడే పడవ తిరగబడదు. 100 లీటర్ల థర్మాకోల్ దాదాపు 100 కిలోలను తేలుస్తుంది. పెట్రోలు తగిలితే మాత్రం అది కరిగిపోతుంది. ఎప్పుడైనా చిన్న ఇంజను పెడితే డబ్బా ముందుకు తేవద్దని మామకు చెప్పాం. "ఇంజను గొనే నాడు సూద్దాం తీ," అన్నాడు.

*

అంతా అయిందనుకున్నాక అత్త వచ్చింది. వలలు కుట్టేది ఆమె. వెంట తెచ్చిన పాత నైలాన్ వల ముక్కను డెక్ మీద పరిచి, మెల్లగా తన వైపు లాగింది. వల తట్టుకున్న చోటల్లా ఆగి సుద్దతో సున్నా చుట్టింది. బోల్టు తలలు, రివెట్ల అంచులు, కోత మూల, యాంగిల్ కొస. పదకొండు సున్నాలు. "ఒక్కొక్కటి ఒక్కొక్క కన్ను తెంపుతది. తెంపేది మీరు, కుట్టేది నేను," అంది.

ఇది ఏ వీడియోలోనూ లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. గాలం వేసేవాడికి బోల్టు తల అడ్డం కాదు. వల వేసేవాడికి పడవలో పొడుచుకు వచ్చిన ప్రతిదీ శత్రువే. నాయిన ఒక పూట కూర్చుని బోల్టు తలలు ప్లైవుడ్ లోపలికి దింపాడు, కోత మూలలు గుండ్రం చేశాడు, అంచు పొడుగునా పాత సైకిల్ ట్యూబును చీల్చి తొడిగాడు. ట్యూబుతో ఇంకో లాభం. తెడ్డు తగిలినప్పుడల్లా పడవ తపేలాలా మోగడం ఆగింది. ఆ చప్పుడుకు చేప పారిపోతుంది. అత్త రెండోసారి వల లాగింది. ఎక్కడా ఆగలేదు. ఇంకోసారి లాగింది. ఏమీ అనకుండా వల మడిచి సంచిలో పెట్టుకుంది.

నీళ్ళల్ల చూపించడం ఒడ్డు దగ్గర, నడుం లోతులో చేశాం. ఇసుక నింపిన యూరియా సంచులు రెండు, 90 కిలోలు, డెక్ నడుమ పెట్టాం. మామ కొడుకు వెనక తెడ్డు పట్టుకుని కూర్చున్నాడు. నీటి నుంచి అంచు ఎత్తు 15 అంగుళాలు. సంచులను కుడి అంచు దాకా జరిపాం. పడవ ఒరిగింది, ఆగింది. అటు పక్క ఇంకా 10 అంగుళాలు మిగిలింది. తర్వాత సంచులు దింపి, బకెట్లతో పడవ నిండా నీళ్ళు పోశాం. నిండిన పడవ అంచు నీటి మీద బెత్తెడు పైనే నిలిచింది. బావమరిది పక్క పట్టుకుని వేలాడాడు. మునగలేదు. ఒడ్డున అత్త పక్కన నిలబడ్డ ముసలాయన ఒకాయన, "కొత్త పడవను గొని ముంచుతున్నరేందిర," అని నవ్వాడు. అత్త నవ్వలేదు. మొత్తం చూసింది. ఇంటికి పోతూ, గోదామువాళ్ళకు ఫోన్ చేసి ఆయన రాడని తానే చెప్పింది.

*

వానాకాలం గడిచింది, నీళ్ళు నిండాయి. మామ వారానికి ఐదు రోజులు పోతున్నాడు. బొచ్చె, రవ్వ, అప్పుడప్పుడు బంగారుతీగ. పుట్టి కన్నా ఎక్కువ పడుతున్నాయా అంటే లేదు. చేప పడవను చూసి పడదు. తేడా ఎక్కడంటే, వల తీయడం అయ్యాక ఆయన తన కాళ్ళ మీద తాను ఒడ్డు ఎక్కుతున్నాడు. ఇదివరకు కొడుకు చంకల్లో చేతులు పెట్టి లేపాల్సి వచ్చేది.

మోకాలు బాగుపడలేదు. అరిగింది అరిగిందే. చలికాలం పొద్దున పడవలోకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఇంకా కష్టమే. బురదలో కాలు దిగబడితే మెలితిరుగుతుంది. దానికి ఒడ్డున ఒక చెక్క మెట్టు చేయాలని అనుకుంటున్నాం, కానీ సింగూరు ఒడ్డు ఒకచోట ఉండదు, నీళ్ళు తగ్గే కొద్దీ రోజూ జరుగుతుంది. మెట్టు కూడా జరగాలి. ఇంకో ఎండాకాలం సింగూరు ఎండితే పడవ షాపు ముందు బోర్లా పడుకుంటుంది. ఆ ఏడు ఏం చేయాలో ఎవరి దగ్గరా డ్రాయింగ్ లేదు. ఈ డెక్ ఆయనకు ఎన్నేళ్ళు ఇస్తుందో డాక్టరు చెప్పలేదు, మామ అడగలేదు. "ఐదేండ్లు జాలు," అని ఒకసారి అన్నాడు. అత్త "మూడు" అంది. బేరం ఇంకా నడుస్తోంది.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు షాపు గోడ చూశాను. 15 పక్కన సుద్దతో ఇంకో మూడు అంకెలు ఉన్నాయి. 14, పద్నాలుగున్నర, 16. మామ సొసైటీ వాళ్ళు ముగ్గురు వచ్చి పెయింటు డబ్బాల మీద కూర్చుని పోయారట. ఒకాయనకు అల్యూమినియం పడవ లేదు, ఫైబర్ పుట్టి ఉంది. గుండ్రటి దాంట్లో నడుమ పీట వేయొచ్చా, వేస్తే తిరుగుడు తగ్గుతదా పెరుగుతదా అని అడిగాడట. నాయిన నేల మీద సుద్దతో పెద్ద సున్నా గీసి, దాని నడుమ చిన్న చదరం గీసి, దాని ముందర కూర్చుని ఆలోచిస్తున్నాడు. నేనూ ఒక డబ్బా లాక్కుని పక్కన కూర్చున్నాను.